మూడు రోజులుగా కదలని నత్త: బతికుందో పోయిందో ఎలా తేల్చుకోవాలి?

సింహాచలం_సంపెంగ | సీతమ్మధార | శనివారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. ఇక్కడ రోజూ చదువుతాను గానీ రాయడం ఇదే మొదలు. జనవరిలో మా పాప పుట్టినరోజుకి రెండడుగుల ట్యాంకు కొన్నాం, సుమారు 60 లీటర్లు పడుతుంది. ఆరు గప్పీ చేపలు, రెండు మిస్టరీ నత్తలు ఉన్నాయి. పసుపుపచ్చది బంగారం, నల్లది నల్లోడు. పేర్లు పాపే పెట్టింది.

గురువారం రాత్రి నుంచి బంగారం కదలడం లేదు. చెక్క దుంగ కింద, మూలన, పక్కకి ఒరిగి పడి ఉంది. మామూలుగా అది ఊరుకునే రకం కాదు. పొద్దున్నే అద్దం మీద పైదాకా పాకి, తన ఊపిరి గొట్టం నీళ్ళ పైకి చాపి గాలి పీల్చుకునేది. పాప అది చూస్తూనే పాలు తాగేది.

పాప సెలవులకి విజయనగరం, అమ్మమ్మగారింటికి వెళ్ళింది. మంగళవారం వస్తుంది. మా అత్తగారేమో "పోయిందమ్మా, నీళ్ళు కంపుకొట్టకముందే తీసి పారేయ్" అంటున్నారు. నాకు చెయ్యి రావడం లేదు. ప్రాణం ఉన్నదాన్ని చెత్తలో వేస్తానేమోనని భయంగా ఉంది. కచ్చితంగా తెలుసుకునే దారి ఏదైనా ఉంటే చెప్పండి.

గాజువాక_గప్పీ | గాజువాక | శనివారం రాత్రి 9:24

మేడమ్, బయటకి తీసి ముక్కు దగ్గర పెట్టుకోండి. పోయిన నత్త వాసన చూశాక ఇంకెవరినీ అడగక్కర్లేదు. ఈ మే ఎండలకి ఒక్క రోజులోనే కుళ్ళిపోతుంది. ఎండుచేపలు వానకి తడిసి సంచిలో మగ్గినట్టు ఉంటుంది, గదంతా కొడుతుంది. బతికున్నదైతే పాచి వాసనో తడి మట్టి వాసనో తప్ప ఏమీ రాదు.

మేడమీద_తొట్టి | మధురవాడ | శనివారం రాత్రి 9:31

తేలుతోందా, మునిగి ఉందా? తేలితే పోయినట్టే.

ఎర్రమట్టిదిబ్బ | భీమిలి | శనివారం రాత్రి 9:40

తేలడానికీ చావుకీ సంబంధం లేదండి. మిస్టరీ నత్తకి లోపల ఊపిరితిత్తి ఉంటుంది. అందులో గాలి ఎక్కువగా పడితే బంతిలా పైకి వచ్చేస్తుంది. మా ఇంట్లో ఒకటి రెండు రోజులు ట్యాంకంతా తేలుతూ తిరిగింది, మూడో రోజు దానంతటదే దిగి బచ్చలాకు తింది. మునిగి ఉంటే బతికినట్టే అనుకోవడం కూడా తప్పే. తేలడం, మునగడం పక్కన పెట్టేయండి.

సంపెంగ గారూ, ఇంకోటి. పిన్నుతో గుచ్చి చూడమనీ, ఉప్పు చల్లి చూడమనీ ఎవరైనా చెబితే దయచేసి వినొద్దు. ఉప్పు పడితే ఒంట్లో నీరు లాగేసి చంపేస్తుంది. బతికుందా అని చూడబోయి మనమే ప్రాణం తీసినవాళ్ళమవుతాం.

పాతలెక్చరర్ | లాసన్స్ బే కాలనీ | శనివారం రాత్రి 9:58

అమ్మా, కంగారు పడకండి. నేను చాలా ఏళ్ళు డిగ్రీ పిల్లలకి జువాలజీ చెప్పాను. మన చెరువుల్లో, వరి చేలల్లో దొరికే నత్తగుల్ల ఉంది కదా, పైలా గ్లోబోసా, దాన్ని ప్రాక్టికల్స్‌కి తెప్పించేవాళ్ళం. మీ మిస్టరీ నత్త దక్షిణ అమెరికా జాతి, పొమాసియా అంటారు. రెండిటిదీ ఒకటే కుటుంబం. రెండిటికీ నీళ్ళలో పనికొచ్చే మొప్ప, గాలి పీల్చే ఊపిరితిత్తి, రెండూ ఉంటాయి.

చెరువు ఎండిపోతే పైలా బురదలోకి దూరి, గుల్ల నోటికి మూత బిగించుకుని నెలల తరబడి అలాగే ఉండిపోతుంది. ఒకసారి మా ల్యాబ్‌లో బెంచీ కింద బుట్టలో కొన్ని మిగిలిపోయి, మూడు నాలుగు వారాలు పొడిగా పడి ఉన్నాయి. పారేయబోతుంటే ఆపి, ఒక బకెట్లో నీళ్ళు పోసి వేశాం. మర్నాడు పొద్దున వెళ్ళేసరికి సగానికి పైగా బకెట్ అంచెక్కి కూర్చున్నాయి. ఆ రోజు నుంచి కదలని నత్తని నేను చచ్చిందని అనలేదు.

కదలిక కాదమ్మా, మూత చూడండి. పాదం వెనక భాగానికి గోధుమ రంగులో గోరు లాంటి పలక అంటుకుని ఉంటుంది. పైలాకి అది సున్నంతో గట్టిగా ఉంటుంది, మీదానికి కొమ్ములాగా కాస్త వంగుతుంది. నత్త లోపలికి ముడుచుకున్నప్పుడు తలుపు మూసినట్టు అది గుల్ల నోటిని మూసేస్తుంది. దాన్ని లోపలికి బిగించి పట్టుకునేది కండరం. ప్రాణం ఉన్న కండరమే బిగువు పట్టగలదు. పోయాక కండరం సడలిపోయి మూత వేలాడుతుంది, పాదం బయటికి జారుతుంది.

చూడాల్సింది ఇలా. గుల్లని అరచేతిలో మూత పైకి వచ్చేలా పెట్టుకోండి. చిటికెన వేలితో మూత అంచుని తాకండి, నొక్కొద్దు. లోపలి నుంచి బిగువు తగిలినా, మూత వెంట్రుకవాసి లోపలికి జరిగినా ప్రాణం ఉన్నట్టే. మూతని గోటితో పైకి లాగొద్దు. అది ఒంటికి అతుక్కుని ఉన్న భాగం, చిరిగితే బతకదు.

కొన్ని మూత బిగించుకున్నట్టే పోతాయి కూడా. అలాంటప్పుడు ఒకటి రెండు రోజులు విడిగా నీళ్ళలో ఉంచితే వాసనే చెబుతుంది. చూడడం అయిపోయాక చేతులు సబ్బుతో కడుక్కోండి. ఇలాంటి నత్తల్లో మనిషికి హాని చేసే పురుగులు ఉండే అవకాశం ఉంది.

సింహాచలం_సంపెంగ | సీతమ్మధార | శనివారం రాత్రి 10:35

మాస్టారూ, చూశాను. వంటింట్లో లైటు కింద తెల్ల పళ్ళెంలో పెట్టి చూశాను.

వాసన లేదు. అంటే ట్యాంకు నీళ్ళ వాసనే, తడి ఇసుకలాగా. చేతికి బరువుగానే ఉంది. మూత పూర్తిగా మూసుకోలేదు, ఒక పక్క బియ్యపు గింజంత సందు ఉంది. ఆ సందులో లేత బూడిదరంగు కండ కనిపించింది. దాని మీద సన్నని జిగురు మెరుస్తోంది. మీరు చెప్పినట్టు చిటికెన వేలితో అంచుని తాకాను. ఏమీ కాలేదు. వేలు తీయకుండా అలాగే ఆనించి ఉంచాను. ఐదారు సెకన్లయ్యాక వేలి కింద మూత మెల్లగా, చాలా మెల్లగా లోపలికి వెళ్ళింది. సందు సగమైంది. నా భ్రమేమోనని మా వారిని పిలిచి చూపించాను, ఆయనకీ కనిపించింది.

బతికే ఉందండీ. కానీ మరీ నీరసంగా ఉంది. ఇప్పుడేం చెయ్యాలి?

గాజువాక_గప్పీ | గాజువాక | శనివారం రాత్రి 10:41

చాలా సంతోషం మేడమ్! ట్యాంకు నీళ్ళే ఒక గిన్నెలోకి తీసి అందులో విడిగా పెట్టండి.

ఎర్రమట్టిదిబ్బ | భీమిలి | శనివారం రాత్రి 10:47

ఆగండి, ఆ నీళ్ళే కారణం కావచ్చు. ఈ వారంలో ట్యాంకులో కొత్తగా ఏమైనా వేశారా? మందు, ఎరువు, కొత్త చేప, ఏదైనా సరే.

సింహాచలం_సంపెంగ | సీతమ్మధార | శనివారం రాత్రి 10:55

వేశానండి. రెండు గప్పీల తోకల మీద దూది లాంటిది కనిపిస్తే షాపులో నీలం రంగు మందు ఇచ్చారు. మంగళవారం ఒకసారి, గురువారం మధ్యాహ్నం ఒకసారి వేశాను. ఇప్పుడు సీసా తెచ్చి చదివాను. చిన్న అక్షరాల్లో కాపర్ సల్ఫేట్ అని ఉంది.

ఎర్రమట్టిదిబ్బ | భీమిలి | శనివారం రాత్రి 11:02

అదేనండి. కాపర్ సల్ఫేట్ అంటే మైలుతుత్తం. చెరువుల్లో నత్తల్ని చంపడానికి వాడే పదార్థమే అది. చేప తట్టుకునే మోతాదు కూడా నత్తకి విషం. రొయ్యలకీ అంతే. గురువారం మధ్యాహ్నం మందు, గురువారం రాత్రి నుంచి నత్త ముడుచుకోవడం, లెక్క సరిపోయింది. అది మూత పెట్టుకుని నీళ్ళని లోపలికి రానివ్వకుండా చూసుకుంటోంది.

ఇప్పుడే చేయండి. ఒక వెడల్పాటి గిన్నెలో యాంటీ క్లోరిన్ చుక్కలు వేసిన కొత్త నీళ్ళు పోయండి. చెయ్యి పెడితే ట్యాంకు నీళ్ళంత వెచ్చగానే ఉండాలి. లోతు గుల్ల మునిగేంత చాలు. ఒంట్లో ఓపిక లేనప్పుడు గాలి కోసం అంత ఎత్తు పాకలేదు, గొట్టం చాపితే అందాలి. పైన జల్లెడో వల మూతో పెట్టండి, కోలుకుంటే రాత్రికి రాత్రే బయటికి పాకేస్తుంది. పొద్దునా సాయంత్రం నీళ్ళు మార్చండి. ట్యాంకులో కూడా మూడో వంతు నీళ్ళు ఇవాళ, మళ్ళీ రేపు, ఎల్లుండి మార్చండి. ఫిల్టర్లో కొత్త కార్బన్ పెడితే ఇంకా మంచిది. గప్పీలకి మందు కావాలంటే విడి బకెట్లో వేసి వైద్యం చేద్దురుగాని.

మేడమీద_తొట్టి | మధురవాడ | శనివారం రాత్రి 11:10

నా పాత నత్తలు గుర్తొచ్చి బాధేస్తోంది. తేలితే పోయినట్టే అని నాకు చెప్పింది ఒక స్నేహితుడు. నిరుడు అలా రెండింటిని తీసేశాను, వాసన కూడా చూడలేదు. మాస్టారు చెప్పిన మూత సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. సంపెంగ గారూ, మీరు అడిగి మంచి పని చేశారు.

తీరం_లంగరు | పెదవాల్తేరు | ఆదివారం ఉదయం 7:05

ఇప్పుడే చదివాను. మా ఇంటి సంగతి కూడా చెబుతాను. 2014 అక్టోబర్ 12, హుద్‌హుద్ తుఫాను రోజు. తర్వాత మా వీధికి చాలా రోజులు కరెంటు లేదు. ఫిల్టర్ లేదు, గాలి పంపు లేదు. తాగడానికే నీళ్ళు వెతుక్కుంటున్నాం, ట్యాంకు సంగతి ఎవరికి పట్టింది? మూడో రోజుకి చేపలన్నీ పోయాయి. నాలుగు మిస్టరీ నత్తలు కూడా మూతలు వేసుకుని అడుగున పడి ఉన్నాయి. అవీ పోయాయనుకుని, నీళ్ళు పారబోసి, వాటిని బాల్కనీలో ఖాళీ కుండీలో వేశాను. వర్షపు నీళ్ళు ఆ కుండీలో బెత్తెడు నిలిచి ఉన్నాయి. రెండు రోజుల తర్వాత చూస్తే మూడు కుండీ గోడ మీద ఉన్నాయి! చేపకి నీళ్ళలో ప్రాణవాయువు తగ్గిందంటే దారి లేదు. నత్త పైకి వచ్చి మన గాలే పీల్చుకుంటుంది.

నాలుగోది మాత్రం నిజంగానే పోయింది. చేతిలోకి తీసుకుంటే వట్టి గుల్లలా తేలికగా ఉంది, మూత ఊడి కుండీ అడుగున పడి ఉంది. పక్కపక్కన పెట్టి చూస్తే చిన్నపిల్లాడు కూడా తేడా చెప్పగలడు. అందుకే ఇంకో నత్త ఇంట్లో ఉంటే రెంటినీ రెండు చేతుల్లోకి తీసుకుని బరువు పోల్చి చూడమంటాను.

పాతలెక్చరర్ | లాసన్స్ బే కాలనీ | ఆదివారం ఉదయం 8:20

మీరు కుండీ సంగతి చెబితే మా విద్యార్థులకి చెప్పే కథ ఒకటి గుర్తొచ్చింది. కథ అంటున్నాను గానీ జరిగిందే. ఈజిప్టు ఎడారి నత్త ఒకదాన్ని 1846లో లండన్ బ్రిటిష్ మ్యూజియంలో అట్టముక్కకి జిగురుతో అంటించి ప్రదర్శనకి పెట్టారు, చచ్చిన గుల్లే అనుకుని. 1850లో ఎవరో ఆ కాగితం మీద మరక గమనించారు. గోరువెచ్చని నీళ్ళలో పెడితే గుల్ల ఊడి, తల బయటికి వచ్చింది. ఆ తర్వాత ఇంకో రెండేళ్ళు బతికింది. అది నేల నత్త, మనవి నీటివి, పోలిక అంతవరకే. కానీ అన్నీ తెలిసిన మ్యూజియం వాళ్ళే నాలుగేళ్ళు పొరబడ్డారంటే, ఇంట్లో మనం రెండు రోజులు ఆగి చూడడంలో తప్పేముంది?

నత్తలు కునుకు కూడా తీస్తాయమ్మా. చెరువు నత్త లిమ్నియా మీద 2011లో వచ్చిన పరిశోధనలో, అవి ఒక్కో విడత ఇరవై నిమిషాల చొప్పున నిద్ర లాంటి స్థితిలోకి వెళ్తాయని తేలింది. ఆ సమయంలో తిండి చూపినా, తాకినా ఆలస్యంగా స్పందిస్తాయి. కాబట్టి ఒక్కసారి తాకి తేల్చేయకండి. గంట ఆగి మళ్ళీ చూడండి.

అన్నట్టు, మీ రెండో నత్త ఎలా ఉంది? అదీ అదే నీళ్ళలో ఉంది కదా.

సింహాచలం_సంపెంగ | సీతమ్మధార | ఆదివారం ఉదయం 9:15

బంగారం గిన్నెలో ఉందండి, రాత్రి రెండుసార్లు లేచి చూశాను. మూత ఇంకా అంతే. నీళ్ళు మార్చాను.

నల్లోడు బాగానే ఉన్నాడు మాస్టారూ. ఫిల్టర్ వెనకాల మొక్క కుదురులో ఉన్నాడు. గప్పీలు వాడి చుట్టూనే తిరుగుతున్నాయి, ముద్దులు పెడుతున్నట్టు మాటిమాటికీ మూతి ఆనిస్తున్నాయి. కొంచెం కదులుతున్నాడు కూడా.

పాతలెక్చరర్ | లాసన్స్ బే కాలనీ | ఆదివారం ఉదయం 9:22

అమ్మా, దాన్ని వెంటనే బయటికి తీసి చూడండి. గప్పీలు మూతి ఆనిస్తున్నాయంటే తింటున్నాయేమో. కదలిక ఫిల్టర్ నీటి తోపుడు వల్ల కావచ్చు.

సింహాచలం_సంపెంగ | సీతమ్మధార | ఆదివారం ఉదయం 10:05

మీరు చెప్పింది నిజం. నల్లోడు పోయాడు.

నీళ్ళలోంచి పైకి తీయకముందే తెలిసింది. మొక్క ఆకు పక్కకి తీయగానే మూత వేలాడుతూ కనిపించింది, ఒక్క చివర పట్టుకుని ఉంది అంతే. కండ బయటికి జారి, అంచులు పీచులు పీచులుగా, తెల్లగా పాలిపోయి ఉంది. పైకి తీయగానే గాజువాక గారు చెప్పిన వాసన. మా అత్తగారు హాల్లోంచి "ఏటమ్మా ఆ కంపు" అని వచ్చారు. ఈ మూడు రోజులూ నేను బంగారం వైపే చూస్తూ కూర్చున్నాను. పైన నిలబడి ఉన్నాడు కదా అని వీడి జోలికే పోలేదు.

ఎర్రమట్టిదిబ్బ | భీమిలి | ఆదివారం ఉదయం 10:14

చాలా బాధగా ఉందండి. ఒక్క పని వెంటనే చూడండి. ఇంట్లో అమ్మోనియా టెస్ట్ కిట్ ఉంటే నీళ్ళు పరీక్షించండి. 60 లీటర్ల ట్యాంకులో అంత నత్త కుళ్ళితే అమ్మోనియా పెరిగి గప్పీలకీ ముప్పు. ఈ ఎండకి నీళ్ళు వెచ్చగా ఉంటాయి కాబట్టి అది ఇంకా త్వరగా పనిచేస్తుంది. కిట్ లేకపోతే పరీక్ష కోసం ఆగకుండా సగం నీళ్ళు మార్చేయండి. గాలి పంపు ఆపొద్దు, రెండు రోజులు తిండి తగ్గించండి.

సింహాచలం_సంపెంగ | సీతమ్మధార | ఆదివారం మధ్యాహ్నం 1:30

కిట్ మా పక్కింటి అబ్బాయి దగ్గర ఉంటే తెచ్చి చూశాం. 0.5 పీపీఎం చూపించింది. సగం నీళ్ళు మార్చాను, కుదురు దగ్గర ఇసుక కూడా పైపుతో పీల్చేశాను. గప్పీలు పైకి వచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి, ఇప్పుడు కాస్త తగ్గింది.

ఒక మాట అడగాలి. పాపకి ఎలా చెప్పను? ఎనిమిదేళ్ళది. అలాంటి నల్లదే ఇంకోటి కొని పెట్టేయమంటున్నారు మా వారు.

తీరం_లంగరు | పెదవాల్తేరు | ఆదివారం మధ్యాహ్నం 2:10

అమ్మా, నా అభిప్రాయం అడిగితే పోయిందని చెప్పేయండి. రోజూ పాలు తాగుతూ చూసే పిల్ల గుల్ల మీద గీత తేడా కనిపెట్టేస్తుంది. గుల్ల దాచి ఉంచండి. లోపలిది తీసి, కొన్ని రోజులు నీళ్ళు మారుస్తూ నానబెట్టి, ఎండలో పెడితే వాసన పోతుంది. లోపలి కండ కుండీలో లోతుగా పాతిపెట్టండి, పిల్లులు తవ్వకుండా. మా అబ్బాయి ఆ నాలుగో నత్త గుల్ల ఇప్పటికీ టేబుల్ మీద పెట్టుకున్నాడు.

సింహాచలం_సంపెంగ | సీతమ్మధార | సోమవారం ఉదయం 6:20

రాత్రి పన్నెండుకి చూసినప్పుడు మూత బయటికి వచ్చి ఉంది, పాదం కొంచెం బయట ఉంది. నా గుండె జారిపోయింది, నల్లోడి లాగే అయిందనుకున్నాను. వాసన చూశాను, లేదు. సెల్‌ఫోన్ టార్చి గుల్ల వెనక పెట్టి చూశాను. బంగారం గుల్ల పల్చగా ఉంటుంది కదా, లోపల నల్లగా నిండుగా కనిపించింది, ఎక్కడా ఖాళీ లేదు. పాదం అంచుని తాకితే వెంటనే ముడుచుకుంది. నిన్నటి కంటే చాలా త్వరగా.

ఇప్పుడు నాలుగున్నరకి లేచి చూస్తే గిన్నె గోడకి అతుక్కుని ఉంది. కొమ్ములు రెండూ పూర్తిగా చాపింది. గొట్టం నీళ్ళ పైకి తెచ్చి గాలి పీలుస్తోంది. గిన్నె పక్కన నేల మీదే కూర్చుండిపోయాను.

గాజువాక_గప్పీ | గాజువాక | సోమవారం ఉదయం 6:45

మేడమ్, పొద్దున్నే ఎంత మంచి మాట చెప్పారు! ఆనపకాయ ముక్క పల్చగా కోసి, ఉడికించి, చల్లార్చి పెట్టండి. ఉప్పు వేయొద్దు. నాలుగైదు గంటల్లో తినకపోతే తీసేయండి, నీళ్ళు పాడవుతాయి.

ఎర్రమట్టిదిబ్బ | భీమిలి | సోమవారం ఉదయం 7:30

పాదం బయట ఉంటే రెండు అర్థాలు ఉంటాయని ఇక్కడ అందరికీ బాగా తెలిసింది. తాకితే ముడుచుకునేది పాకబోతున్న పాదం, ముడుచుకోనిది సడలిపోయిన పాదం.

ఇంకో వారం గిన్నెలోనే ఉంచండి, ట్యాంకు నీళ్ళు పూర్తిగా కుదుటపడనివ్వండి. గుల్లకి సున్నం కావాలి. మన బీచ్‌లో ఇసుక మీద తెల్లగా, పడవ ఆకారంలో సముద్రపు నురుగు దొరుకుతుంది, కటిల్ ఫిష్ లోపలి ఎముక. తెచ్చి మంచినీళ్ళలో రెండు మూడు రోజులు నానబెట్టి, ఉప్పు పోయేలా నీళ్ళు మార్చి, ఎండబెట్టి చిన్న ముక్క వేయండి. లేకపోతే ఉడికించిన గుడ్డు పెంకు పొడి అయినా సరే.

ఎప్పుడైనా వద్దనుకుంటే వీటిని గెడ్డలోనో ముడసర్లోవ రిజర్వాయర్‌లోనో వదలకండి, ఎవరైనా సరే. ఈ కుటుంబపు నత్త ఒకటి ఆసియాలో చాలా దేశాల్లో వరి చేలని తినేస్తోంది.

సింహాచలం_సంపెంగ | సీతమ్మధార | మంగళవారం రాత్రి 8:40

పాప వచ్చింది. ముందు బంగారాన్ని చూపించి, తర్వాత నల్లోడి సంగతి చెప్పాను. చాలాసేపు ఏడ్చింది. "వాడికి నొప్పి వేసిందా" అని అడిగింది, తెలియదు తల్లీ అన్నాను. సాయంత్రం కరివేపాకు కుండీలో పాతిపెట్టిన చోట తనే నీళ్ళు పోసింది. గుల్ల డాబా మీద నానబెట్టాం. మందు సీసా మీద స్కెచ్ పెన్‌తో "నత్తలకి వద్దు" అని పెద్దగా రాసి పెట్టింది. అమ్మోనియా ఇవాళ సున్నా.

బంగారం ఆనపకాయ ముక్కకి అంచు అంతా తినేసింది. మా అత్తగారే వెళ్ళి ఇంకో ముక్క ఉడికించారు.

కంచరపాలెం_కొత్త | కంచరపాలెం | గురువారం సాయంత్రం 5:50

ఇదంతా చదివాక నాకూ అనుమానం వచ్చింది. మా చారల నెరైట్ నత్త నిన్నటి నుంచి ఇసుక మీద వెల్లకిలా పడి ఉంది. మందులేమీ వేయలేదు. పోయిందంటారా?

సింహాచలం_సంపెంగ | సీతమ్మధార | గురువారం సాయంత్రం 6:05

వాసన చూశారా? రాకపోతే ముందు బోర్లా తిప్పి, రాయి మీదో అద్దానికి ఆనించో పెట్టండి. నెరైట్లు వెల్లకిలా పడితే చాలాసార్లు వాటంతట అవి తిరగలేవని ఇక్కడే ఎక్కడో చదివాను. మూత ఎలా ఉందో చెప్పండి. వేలు ఆనించి వెంటనే తీసేయకండి, కాసేపు అలాగే ఉంచండి. నేను ఆన్‌లైన్‌లోనే ఉంటాను.